నేలకు రెండు దెబ్బలు

వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో మా ఆఫీసుకు వచ్చిన ఎవరికైనా మొదట కనిపించేది మెట్ల దగ్గర బోర్డు. రెయిలింగ్ పట్టుకుని దిగమంటుంది. దాని పక్కనే ఇంకోటి, దిగుతూ ఫోన్ చూడొద్దని. కాఫీ పోసుకుంటే కప్పుకు మూత పెట్టందే సీటు దగ్గరికి తీసుకెళ్ళకూడదు. ఒకసారి ఎవరో నీళ్ళు ఒలకబోస్తే, జారుతుంది జాగ్రత్త అనే బోర్డు తెచ్చి నిలబెట్టారు. నీళ్ళు ఆరిపోయినా బోర్డు మాత్రం కదల్లేదు. మధ్యాహ్నం దానికే కాలు తగిలి ఒకాయన బోర్లా పడబోయాడు. ఆ పడబోవడం మీద మళ్ళీ ఒక మీటింగు. ఇవి చాలవన్నట్టు, కుర్చీలో ఎలా కూర్చోవాలో ఏటా కంప్యూటర్లో పాఠం, చివర పరీక్ష. అందులో నేను తప్పాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కూర్చుంటూనే ఉన్నదాన్ని, కూర్చోవడంలో తప్పానని ఇంటికొచ్చి చెప్పి పడీ పడీ నవ్వాను.

మా ఆయన నవ్వలేదు. ఆయనది బ్యాంకులో రిస్కు విభాగం. ఇంకా జరగని చెడును ముందే ఊహించి భయపడటానికి ఆయనకు జీతం ఇస్తారని నేను ఏడిపిస్తుంటాను. "నవ్వు నవ్వు. ఎవరైనా పడి కేసేస్తే అప్పుడు తెలుస్తుంది" అనేవారు. "పడితే లేస్తారండీ, దానికి కేసెందుకు?" అనేదాన్ని. ఆ మాట ఎంత తేలిగ్గా అనేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది.

మా ఇళ్ళలో పడిన పిల్లకు న్యాయం అప్పటికప్పుడే జరిగిపోతుంది. పిల్ల ఏడుపు వినబడగానే పెద్దవాళ్ళు పరుగున వచ్చి ఎత్తుకుని, అరచేత్తో నేలకు రెండు దెబ్బలు వేస్తారు. "మా బంగారు తల్లిని పడేస్తావా? ఇంకోసారి పడేస్తావా?" అని నేలనే తిడతారు. నేరం నేలది, దెబ్బలు నేలకు, పిల్ల నోట్లోకి చెంచాడు పంచదార. నన్ను మా అమ్మమ్మ అలాగే ఊరుకోబెట్టేది. దేశం కాని దేశంలో, ఈ హౌగాంగ్ ఫ్లాట్లో మా అమ్మాయి నడక నేర్చుకునేటప్పుడు నేనూ అదే చేశాను. మా హాల్లో టైల్స్ నా చేతిలో తిన్నన్ని దెబ్బలు ఇంకెక్కడి టైల్సూ తిని ఉండవు.

మా అంతస్తులోనే, లిఫ్టుకు అవతలి వైపు, ఒక చైనీస్ కుటుంబం ఉంది. వాళ్ళ పాపా మా అమ్మాయీ ఒకే బడి, ఒకే తరగతి. పాపను మధ్యాహ్నాలు వాళ్ళ నాయనమ్మ చూసుకునేది. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయ్యాక చూసేవాళ్ళు లేకపోయారు. పాప వాళ్ళమ్మ మాల్‌లో బట్టల షాపులో పనిచేస్తుంది. ఒకరోజు లిఫ్టు దగ్గర నన్ను ఆపి, నేను ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో బడి వదిలాక పాప మా ఇంట్లో ఉండొచ్చా అని మొహమాటపడుతూ అడిగింది. దానికేం భాగ్యం అనుకున్నాను. పైకి "తప్పకుండా పంపించండి" అన్నాను. మా ఆయన మాత్రం ఆ సాయంత్రం "ఊరికే ఒప్పేసుకున్నావా? ఏదైనా అయితే?" అన్నారు. నేను చపాతీలు ఒత్తుకుంటూ పట్టించుకోలేదు.

పాప మా ఇంటికి తొందరగానే అలవాటైపోయింది. పెరుగన్నంలో ఆవకాయ ముక్క నంజుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా "షియోక్, ఆంటీ" అనేది. అంటే ఇక్కడి పిల్లల భాషలో అదిరిపోయిందని. మాట చివర లా అనో లెహ్ అనో తగిలించడం కూడా ఆ భాషే. మా అమ్మాయికి తోబుట్టువులు లేరు. బళ్ళో ఎవరితోనూ పెద్దగా కలవదు. ఈ పాప వచ్చిన రోజు మాత్రం ఇల్లు ఎగిరిపోయేది. వాళ్ళ అల్లరి వింటూ పక్క గదిలో పని చేసుకోవడం నాకు హాయిగా ఉండేది.

ఆ రోజు బయట వాన. పిల్లలిద్దరూ మేజోళ్ళతో హాల్లో టైల్స్ మీద జారుతూ ఆడుతున్నారు. నేను మీటింగులో ఉన్నాను. దబ్బున చప్పుడు వినిపించింది. తర్వాత ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు, ఆ తర్వాత ఏడుపు. పరిగెత్తి వెళ్ళేసరికి పాప టీవీ స్టాండు పక్కన పడి ఉంది. కనుబొమ మీద చర్మం చిట్లి రక్తం కంటి పక్కగా కారుతోంది.

నేను ఆలోచించలేదు. నా చేతులే అన్నీ చేసేశాయి. పాపను ఒళ్ళోకి తీసుకున్నాను. నేలకు గట్టిగా రెండు దెబ్బలు వేశాను. "మా పిల్లను పడేస్తావా?" అని తెలుగులోనే తిట్టాను. తెమ్మంటే మా అమ్మాయి పోపుల పెట్టె తెచ్చింది. అందులోంచి చిటికెడు పసుపు తీసి గాయం మీద అద్ది, మెత్తటి గుడ్డతో నొక్కి పట్టుకున్నాను. కాసేపటికి రక్తం ఆగింది. పాప వెక్కుతూనే నా చేతివైపు చూసి "బ్యాడ్ ఫ్లోర్, ఆ?" అని అడిగింది. "వెరీ బ్యాడ్" అని మా అమ్మాయి సాక్ష్యం చెప్పింది. పాప నోట్లో పంచదార పోశాను. నవ్వింది కూడా. అప్పుడు వాళ్ళమ్మకు ఫోన్ చేశాను.

ఆవిడ టాక్సీలో వచ్చింది. మా అమ్మాయి గుమ్మం ముందు ఇనుప గేటు తీసేసరికి పాప నా ఒళ్ళో ఉంది. సగం మొహం పసుపు, ఆ పసుపులో రక్తం కలిసి నారింజ రంగు చారలు. మా ఇంట్లో అయితే అది దెబ్బ తగిలిన పిల్ల మొహం, అంతే. ఆవిడకు ఎలా కనిపించిందో నేను ఊహించనైనా లేదు.

"ఏంటిది? నా బిడ్డ మొహానికి ఏం మురికి పూశావ్?" అని ఇంగ్లీషులో కేకపెట్టింది. మురికి అన్న మాట కారిడారంతా వినిపించింది. పాపను లాక్కున్నంత పని చేసింది. సారీ, సారీ అని ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. ఆవిడ ఫోన్ తీసి పాప మొహాన్ని, టీవీ స్టాండును, నేలను, చివరికి మూత తీసి ఉన్న నా పోపుల పెట్టెను కూడా ఫోటో తీసుకుంది. ఆవాలు, జీలకర్ర, మెంతులు ఏదో నేరంలో దొరికిన సామాన్లలా ఆ ఫోన్లోకి వెళ్ళిపోయాయి. ఆవిడ పాపను తీసుకుని క్లినిక్‌కు వెళ్ళింది. నేను వస్తానంటే వద్దంది.

తర్వాత మెసేజ్ వచ్చింది. ఆ పొడి ఏమిటో డాక్టర్ అడుగుతున్నాడు, ప్యాకెట్ ఫోటో పంపమని. ఆ పసుపుకు ప్యాకెట్ లేదు. మా అమ్మ పసుపు కొమ్ములు ఎండబెట్టి, మరలో పట్టించి, ఖాళీ ఊరగాయ సీసాలో పోసి పంపింది. దాని మీద పేరు లేదు, తేదీ లేదు, ఏ ముద్రా లేదు. ఇంతకాలం అదే దాని గొప్ప అని నలుగురికీ చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సీసా చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడితే, ఒక పరాయి పిల్ల కంటి పక్కన నేను పూసింది ఏమిటో రుజువు చేసే దారి నాకు లేదని తెలిసొచ్చింది.

మా ఆయన రాగానే మొదట అడిగింది "పాపకెలా ఉంది?" అని. రెండోది "సారీ అన్నావా?" అని.

"అన్నాను. అనకుండా ఎలా ఉంటాం?"

ఆయన తల పట్టుకుని సోఫాలో కూర్చున్నారు. "సారీ అంటే తప్పు ఒప్పుకున్నట్టే. రేపు వాళ్ళు లాయర్ దగ్గరికెళ్తే మొదట అడిగేది అదే. ఇంక నువ్వేం మాట్లాడకు. మెసేజ్‌లు నేను రాస్తా."

ఆ మెసేజ్‌కు జవాబుగా నేను రాసుకున్నదంతా చెరిపేసి, అది వంటల్లో వాడే సహజమైన పసుపు అని ఒక్క వాక్యం పంపారు. మన్నించమని లేదు, పాప ఎలా ఉందని లేదు. అది నా ఫోన్ నుంచి నా పేరు మీద వెళ్ళింది. అవతలి నుంచి ఓకే అని వచ్చింది, అంతే. ఆ ఓకేలో ఏముందో తెలియక దాన్ని తీసి తీసి చూసుకున్నాను.

మన వైపు ఎవరికైనా దెబ్బ తగిలితే పళ్ళో రొట్టెలో పట్టుకుని వెళ్ళి పలకరించి వస్తాం. వెళ్ళకపోతే అది జీవితాంతం గుర్తుపెట్టుకునే తప్పు. నేనూ మర్నాడు కమలాపళ్ళు కొనుక్కొచ్చాను. మా ఆయన గుమ్మం దగ్గరే ఆపేశారు. "వెళ్ళావంటే నీదే తప్పని వెళ్ళినట్టు అవుతుంది. వద్దు, నా మాట విను." వినకూడదనే అనుకున్నాను. కానీ అప్పటికే భయం నన్ను పట్టేసింది. పళ్ళ సంచీ భోజనాల బల్ల మీదే ఉండిపోయింది. వాటి తొక్కలు రోజురోజుకూ ముడుచుకుపోవడం చూస్తూ అన్నం తిన్నాను.

పాసిర్ రిస్‌లో ఉండే నా స్నేహితురాలికి ఫోన్ చేశాను, ధైర్యం చెబుతుందని. "అయ్యో, ఎంత పని చేశావే! బర్త్‌డే పార్టీలో ఎవరి పిల్లాడికో పన్ను విరిగితే, పార్టీ ఇచ్చినవాళ్ళకి లాయర్ నోటీసొచ్చిందంట తెలుసా?" అంది. ఎవరికి అని అడిగితే, "ఎవరో గ్రూపులో పెట్టారు లేవే" అంది. నిజమో కాదో తెలియని ఆ పన్ను నా బుర్రలో దిగబడిపోయింది. తర్వాత ఫోన్లో పసుపు గురించి చదివాను. కొన్నిచోట్ల పసుపులో రంగు కలుపుతారట, సీసం కలుపుతారట. గాయంలో పడితే చీము పట్టొచ్చట. కనుబొమ కంటికి ఎంత దగ్గరో అద్దంలో నా వేలితోనే కొలుచుకున్నాను.

అమ్మకు చెబితే ఫోన్లో గయ్యిమంది. "పసుపేగా పెట్టింది, యాసిడ్ పోశావా? పసుపు పెడితే కేసేంటే, చోద్యం కాకపోతే! ఆ పిల్లతల్లికి ఫోనియ్యి, నేను మాట్టాడతా." ఏ భాషలో మాట్లాడతావమ్మా అంటే, "పిల్లల తల్లులకి భాషేంటే" అంది. ఇంకొకప్పుడైతే నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. అమ్మా, ఆ మరలో పసుపుకు ముందు ఇంకేమైనా పట్టారా అని అడిగాను. తన పసుపును నేను అనుమానించానని ఆమెకు అర్థమైంది.

భయం ఇంటి రూపమే మార్చేసింది. టీవీ స్టాండు మూలలకూ బల్ల మూలలకూ స్పాంజి ముక్కలు అంటించాం. గుమ్మంలోకి జారని రబ్బరు చాప వచ్చింది. పోపుల పెట్టె చేతికందని పై అరలోకి పోయింది. మా ఆయన గేటు పక్కన కెమెరా ఉన్న కాలింగ్ బెల్ బిగించారు. బిగించేముందు కారిడార్‌ను ఆ చివర నుంచి ఈ చివరదాకా ఫోటోలు తీశారు, ఎందుకైనా మంచిదని. ఇంట్లో మేజోళ్ళతో తిరగకూడదని, స్నేహితులెవరినీ తీసుకురాకూడదని నేను మా అమ్మాయికి చెప్పాను. మా ఆఫీసు బోర్డులన్నీ నా నోట్లోంచే వస్తున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆగలేకపోయాను.

"షీ ఈజ్ మై ఓన్లీ ఫ్రెండ్ లెహ్, మమ్మీ" అంది మా అమ్మాయి. ఆ రోజు అన్నం తినలేదు.

ఇంకోరోజు బడి నుంచి వచ్చి, పాప తనతో మునుపటిలా మాట్లాడటం లేదని చెప్పింది. ఆ దెబ్బ సంగతి మీ ఇంటివాళ్ళతో ఎత్తొద్దని వాళ్ళమ్మ చెప్పిందట. ఎత్తొద్దని ఎందుకు చెబుతుంది? లాయర్ చెప్పమంటేనే కదా? పాప కన్ను ఎలా ఉందే అని అడిగాను. ప్లాస్టర్ ఉందంది. ప్లాస్టర్ కింద ఏముందో తనకేం తెలుస్తుంది! ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో పాప కన్ను గురించి భయపడుతున్నానో, కేసు గురించి భయపడుతున్నానో నాకే విడదీయడం చేతకాలేదు. ఒకటి తలుచుకుంటే రెండోది వచ్చి కూర్చునేది.

ఒకసారి కింద లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపల నేను, బయట ఆవిడ. నేను దిగాలి, ఆవిడ ఎక్కాలి. నన్ను చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది. ఏదో మరిచిపోయినట్టు సంచీ తడుముకుంటూ వెనక్కి తిరిగి గబగబా వెళ్ళిపోయింది. నా మొహం చూడటానికే ఇష్టం లేదన్నమాట అనుకున్నాను. ఆ తర్వాత పోస్టుబాక్సు తెరవాలంటే చెయ్యి వచ్చేది కాదు. కొరియర్ అబ్బాయి బెల్ కొట్టినా కెమెరాలో రెండుసార్లు చూసుకోందే తలుపు తీసేదాన్ని కాదు. కారిడార్లో చెప్పుల స్టాండ్లు తీసేయాలి, మంటలు అంటుకుంటే దారికి అడ్డం అని అన్ని ఇళ్ళకూ నోటీసు వస్తే, అది కూడా ఆవిడ మా మీద చేసిన ఫిర్యాదే అనుకుని అప్పటికప్పుడు చెప్పులన్నీ లోపల పడేశాను.

ఒక శనివారం పొద్దున బెల్ మోగింది. మా ఆయన కూరగాయలకు వెళ్ళారు. కెమెరాలో చూస్తే ఆవిడ, పక్కన పాప. ఆవిడ చేతిలో ఏదో ఉంది. కాగితాలే అనుకున్నాను. లోపల లేనట్టు ఊరుకుందామా అని కూడా అనిపించింది. కానీ మా అమ్మాయి అప్పటికే తలుపు తీసి, "మమ్మీ, షీ కేమ్!" అని అరిచింది.

ఇనుప గేటు తీయకుండానే నిలబడ్డాను. ఆవిడ చేతిలో ఉన్నవి కాగితాలు కావు, బిస్కట్ల డబ్బా. ఆవిడ కళ్ళు నా వైపు లేవు, బెల్ పక్కనున్న కెమెరా మీద ఉన్నాయి. "ఇది రికార్డ్ అవుతోందా?" అని అడిగింది.

అవునో కాదో చెప్పడానికి నాకు భయమేసింది.

"ప్లీజ్, పోలీస్ రిపోర్ట్ ఇవ్వొద్దు" అందావిడ.

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆవిడ గడగడా చెప్పుకుపోయింది. ఆ రోజు భయంతో మురికి అనేసింది. తర్వాత వాళ్ళాయన గట్టిగా తిట్టాడట. ఇండియన్ వాళ్ళింట్లో నిలబడి వాళ్ళది మురికి అన్నావు, కారిడారంతా విన్నారు, జాతిని కించపరచడం ఇక్కడ నేరం, వాళ్ళు పోలీసులకు రిపోర్ట్ ఇస్తే నీ ఉద్యోగం పోతుంది అన్నాడట. మా ఆయన కారిడార్ ఫోటోలు తీయడం వాళ్ళు చూశారు. కెమెరా పెట్టడం చూశారు. సాక్ష్యం పోగేస్తున్నామనుకున్నారు. "సారీ చెప్పడానికి రెండుసార్లు మీ గేటు దాకా వచ్చాను. మా ఆయన వద్దన్నాడు. సారీ అంటే ఒప్పుకున్నట్టే అన్నాడు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పాప కన్ను ఎలా ఉందని మాత్రం అడగగలిగాను. ఆవిడ పాప జుట్టు పక్కకు తోసి చూపించింది. కనుబొమలో సన్నటి గీత, అంతే. ఆ పొడి ఏమిటని డాక్టర్ అడగడం దేనితో కడిగితే పోతుందో తెలుసుకోవడానికేనట. నేను కూడా ఎంత భయపడ్డానో చెప్పాను. ఆవిడ నమ్మలేనట్టు చూసింది. "నన్ను చూసి మీరా?" అంది.

గేటు తీశాను. పాప ఆగలేదు. మా అమ్మాయి చెయ్యి అందుకోబోతూ ఒక్క ఉరుకు ఉరికింది. గుమ్మంలో కొత్త రబ్బరు చాప అంచు పైకి లేచి ఉంది. పాప కాలు దానికి తట్టుకుని, రెండు అరచేతుల మీదా మోకాళ్ళ మీదా నా పాదాల ముందే పడింది.

నేను వంగలేదు. నా కళ్ళు పాప మీదికి పోలేదు, గేటు పక్కన కెమెరా మీదికి పోయాయి. వాళ్ళమ్మ చెయ్యి ముందుకు వచ్చి నా గుమ్మం దగ్గర గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ నా మొహం చూసింది. నేను ఆవిడ మొహం చూశాను. ముట్టుకోవచ్చా అని ఇద్దరం ఒకరినొకరం అడుగుతున్నాం, నోరు తెరవకుండా.

పాప ఏడవలేదు. తల ఎత్తి నా కుడిచేతి వంక చూసింది. ఆ చెయ్యి ఏం చేయాలో పాపకు తెలుసు, దానికోసం ఎదురుచూసింది. అది కదలకపోయేసరికి, తనే చిన్న అరచేత్తో చాపకు రెండు దెబ్బలు వేసి లేచి నిలబడింది. మోకాళ్ళు దులుపుకుంది. తర్వాత నన్నూ వాళ్ళమ్మనూ మార్చి మార్చి చూసి, మాకే ధైర్యం చెప్పింది.

"ఇట్స్ ఓకే, ఆంటీ. డోంట్ స్కేర్డ్ లా."